నీరు దాచిన కొండ – మసాదా

31 సంవత్సరాలు నీటి సరఫరా విభాగంలో పనిచేసినవాడికి ఏ ఊరు వెళ్ళినా ముందుగా కంటబడేది ఆ ఊరి నీళ్ళ టాంకే. తిరుపతి వెళ్ళినా, ఢిల్లీ వెళ్ళినా నా వరస అదే. "గోపురం చూడండి మహాప్రభో అంటే పంపుహౌసు చూస్తారేమిటి" అని మా శ్రీమతి విసుక్కొంటూ ఉంటుంది. అటువంటి నాకు, ఏడాది మొత్తానికి 50 మిల్లీమీటర్ల వాన కూడా పడని ఎడారిలో, ఊట గాని బావి గాని లేని బండకొండ నెత్తిన, రెండువేల ఏళ్ళ కిందట ఒక రాజు స్నానశాలలూ ఈతకొలనూ కట్టించుకొన్నాడని తెలిస్తే చూడకుండా ఉండగలనా? ఆ కొండ పేరు మసాదా. హీబ్రూ భాషలో ఆ మాటకు అర్థం కోట అనే.

2019 నవంబరులో ఆ అవకాశం కలిగింది. మా అమ్మాయి అప్పట్లో ఇజ్రాయెల్ దక్షిణ భాగంలోని బీర్షెబా నగరంలో ఎడారి నేలలలో తేమ నిలిచే తీరుపై పరిశోధన చేస్తూ ఉండేది. సంస్థ నుంచి విదేశయానానికి నిరభ్యంతర పత్రం సంపాదించి, 20 రోజులు ఆర్జిత సెలవు పెట్టి (ఎల్.టి.సి. సముద్రం దాటదు కదా!) నేనూ శ్రీమతీ బయలుదేరాము. సౌదీ అరేబియా గగనతలం మీదుగా ఢిల్లీ నుంచి టెల్ అవీవ్‌కు నేరుగా వెళ్ళే విమానం 2018 మార్చిలోనే మొదలైంది కనుక ప్రయాణంలో అలసట తెలియలేదు. జెరూసలేం, బెత్లెహేం విశేషాలు మరొకసారి విన్నవించుకొంటాను. 2023 అక్టోబరు తరువాత ఆ ప్రాంతమంతా యుద్ధంతో అట్టుడికిపోయింది. నేను చెప్పబోయేది అంతకు ముందటి మాట అని పాఠక మిత్రులు గమనించ ప్రార్థన.

మసాదాకు సూర్యోదయ వేళకు చేరుకోవాలంటారు. తెల్లవారుజామున మూడున్నరకు అమ్మాయి కారు తీసింది. ఆరాద్ అనే ఊరు దాటిన తరువాత రోడ్డు దిగడం మొదలుపెట్టింది. ఘాట్ రోడ్డు అంటే మనకు ఎక్కడమే అలవాటు, అక్కడ దిగడం, దిగడం, ఇంకా దిగడం. సముద్రమట్టానికి 600 మీటర్ల ఎత్తున ఉన్న ఊరి నుంచి బయలుదేరి, సముద్రమట్టానికి 400 మీటర్లకు పైగా కిందనున్న మృత సముద్రం ఒడ్డుకు చేరాము. చెవులు గడియలు పడ్డాయి. దారిలో ఒకచోట 'ఇది సముద్రమట్టం' అని తెలిపే బోర్డు కారు దీపాల వెలుగులో కనిపించింది. అక్కడినుంచి కిందికి వెళ్ళిన ప్రతి గజమూ మనం సముద్రపు అడుగున నడిచినట్టే అన్నమాట. మా శ్రీమతి ఆ మాట విని కొంగు బిగించుకొన్నది.

మసాదా తూర్పు పాదం నుంచి పైకి రెండు మార్గాలున్నాయి. ఒకటి తీగపై నడిచే కేబుల్ కారు, మూడు నిమిషాల పని. రెండవది పాముబాట. రెండువేల ఏళ్ళ కిందటే ఆ బాటకు ఆ పేరు ఉన్నది. మెలికలు తిరుగుతూ 300 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కుతుంది. కేబుల్ కారు ఎనిమిది గంటలకు గాని కదలదు. మోకాళ్ళ నొప్పుల కారణంగా శ్రీమతి కింద ఫ్లాస్కులో టీ పెట్టుకొని కూర్చొన్నది. నేనూ అమ్మాయీ చీకటిలో ఎక్కడం మొదలుపెట్టాము.

ఇక్కడ నా పరువు తక్కువ సంగతి ఒకటి ఒప్పుకోవాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తప్పనిసరి అని అమ్మాయి ముందు రోజే హెచ్చరించింది. "ఎన్ని లీటర్లు అవసరమో నాకు చెప్తావా తల్లీ" అని నవ్వి, బరువెందుకని ఒక్క సీసాతో బయలుదేరాను. సగం దారిలోనే సీసా ఖాళీ. గొంతు ఎండి, ఒక బండమీద కూలబడ్డాను. అమ్మాయి మాట్లాడకుండా తన సీసా అందించింది. వేసవిలో టౌన్‌షిప్‌కు అర్ధగంట చొప్పున నీళ్ళు వదిలిన రోజులలో "మీకేం తెలుసు మా బాధ" అని క్వార్టర్ల ముందు నిలబడి నన్ను నిలదీసిన ఇల్లాళ్ళు ఆ క్షణాన జ్ఞాపకం వచ్చారు.

పైకి చేరేసరికి జోర్డాన్ పర్వతాల వెనుకనుంచి సూర్యబింబం లేచింది. మృత సముద్రం మొదట సీసం రంగులో, తరువాత రాగి రంగులో, ఆ పైన కనుచూపు నిలవని తెలుపులో మెరిసింది. దాని ఒడ్డునంతా ఉప్పు గట్టిన నేల. ఆ సముద్రం ఏటికి మీటరుకు పైగా తగ్గిపోతున్నదట. జోర్డాన్ నది నీటిని పైనే మళ్ళించుకొంటూ ఉండటమూ, ఒడ్డునున్న ఖనిజ పరిశ్రమలు నీటిని ఆవిరిపట్టడమూ అందుకు కారణాలు. ఇక కొండపై భాగమంతా బల్లపరుపు. పొడవు సుమారు 600 మీటర్లు, వెడల్పు సుమారు 300 మీటర్లు. ఓడ ఆకారం. చుట్టూ కొండ అంచుల వెంబడి కోటగోడ. నాలుగు దిక్కులా లోయలే. తూర్పున మృత సముద్రం 450 మీటర్ల కింద ఉన్నది. ఒక్క పడమటి వైపు మాత్రం లోతు తక్కువ, వంద మీటర్ల లోపే. ఈ చివరి సంగతి గుర్తుంచుకోవాలి, కథ అంతా అక్కడే తిరుగుతుంది.

ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అన్నదానికి వద్దాము. యూదయ దేశాన్ని రోమన్ల అండతో క్రీ.పూ. 37 నుంచి 4 వరకు పాలించిన హేరోదు రాజు దీని నిర్మాత. ఏసుక్రీస్తు జననగాథలో వినిపించే హేరోదు ఇతడే. స్వజనులు తిరుగబడతారని ఒక భయం, ఈజిప్టు రాణి క్లియోపాత్రా తన రాజ్యం కాజేస్తుందని మరొక భయం. ఆ రెండు భయాలనుంచీ తలదాచుకోవడానికి ఈ కోటను సిద్ధం చేసుకొన్నాడని ఆనాటి చరిత్రకారుడు జోసీఫస్ వ్రాశాడు. నాకు మాత్రం అతడే చెప్పిన ఇంకొక సంఘటన అసలు కారణంగా తోస్తుంది. క్రీ.పూ. 40లో, హేరోదు ఇంకా రాజు కాక ముందు, శత్రువులు తరుముకొని వస్తే తన తల్లిని, పెండ్లి కుదిరిన కన్యను, మొత్తం 800 మంది తనవారిని ఈ కొండమీద తమ్ముడు జోసెఫ్ రక్షణలో వదిలి సహాయం కోసం రోముకు వెళ్ళాడు. కింద శత్రువుల ముట్టడి. పైన ఆహారం ఉన్నది, నీళ్ళు అయిపోయాయి. జోసెఫ్ 200 మందిని వెంటబెట్టుకొని రాత్రికి రాత్రి పారిపోవడానికి సిద్ధపడ్డాడు. ఆ రాత్రే వాన కురిసింది. తొట్లు నిండాయి. వారు నిలిచారు.

హేరోదు సింహాసనం ఎక్కిన తరువాత ఆ రాత్రిని మరచిపోలేదని కొండ వాయవ్యపు వాలు చూస్తే తెలుస్తుంది. పడమటి వైపున రెండు వాగులున్నాయి. సంవత్సరంలో ఏ ఒకటి రెండు రోజులో, అదీ కొన్ని గంటలు మాత్రమే, దూరపు కొండలలో పడిన వాన ఈ వాగులలోకి పొంగివస్తుంది. ఆ వాగులకు అడ్డంగా ఆనకట్టలు కట్టి, రాతిలో కాలువలు తొలిచి, కేవలం పల్లం పారే గుణంతోనే నీటిని కొండ వాలుకు మళ్ళించారు. అక్కడ రెండు వరుసలలో 12 తొట్లు బండలో తొలిచారు. తొట్లు అంటే చిన్నవి అనుకోవద్దు, ఒక్కొక్కటి పెద్ద గుహ. లోపలంతా నీరు ఇంకకుండా గచ్చు పూత. అన్నీ కలిపి దాదాపు 40,000 ఘనపు మీటర్లు పడుతుందని అంచనా. 40,000 ఘనపు మీటర్లంటే నాలుగు కోట్ల లీటర్లు. 10 లక్షల లీటర్ల ఓవర్‌హెడ్ టాంకులు 40 కట్టినట్టు! మనిషికి రోజుకు 20 లీటర్ల చొప్పున వెయ్యిమంది వాడుకొన్నా ఐదేళ్ళకు పైగా సరిపోతుంది. ఎండ తగలదు కనుక ఆవిరైపోయేది తక్కువ. పంపు లేదు, మోటారు లేదు, కరెంటు కోత భయం అసలే లేదు.

అయితే వాగులు కొండ శిఖరం కంటె పల్లంలో ఉన్నాయి కనుక నీరు తనంతట తాను కొండమీదికి ఎక్కలేదు. ఆ 12 తొట్లలోనుంచి మనుషులు, గాడిదలు కడవలతో మోసి జలద్వారం గుండా పైకి చేర్చి, పై తొట్లలో పోసేవారు. రాజుగారి వేడినీటి స్నానశాల చూశాము. నేల కింద 200 దాకా పొట్టి స్తంభాలు, వాటి మధ్య వేడి గాలి తిరిగే ఏర్పాటు. ఎంత ముచ్చటగా ఉన్నా, నా దృష్టి ఆ కడవలు మోసినవారి మీదికే పోయింది. వారి పేర్లు ఎవరూ వ్రాయలేదు.

ఎనిమిది దాటాక శ్రీమతి మొదటి కేబుల్ కారులో పైకి వచ్చి, రొట్టెముక్కల కోసం ధైర్యంగా చేతిదాకా వచ్చే నారింజరంగు రెక్కల నల్ల పిట్టలతో స్నేహం కలిపింది. ముగ్గురం కలిసి ఉత్తరపు అంచున కొండచరియకు మూడు అంతస్తులుగా వ్రేలాడుతున్న రాజప్రాసాదమూ, పొడవాటి గిడ్డంగులూ చూశాము. క్రీ.పూ. 19 నాటి ఇటలీ ద్రాక్షసారా కూజా పెంకు, దానిమీద హేరోదు పేరుతో సహా, ఇక్కడ దొరికింది. గోడలన్నిటి మీదా నడుమ ఒక నల్లని గీత గీసి ఉన్నది. ఆ గీతకు కిందిది తవ్వకాలలో దొరికిన అసలు గోడ. పైది పడిపోయిన రాళ్ళను ఏరి తరువాత పేర్చినది. ఏది ఉన్నది, ఏది మనం చేర్చినది అని ఇంత నిజాయితీగా చెప్పే కోటను నేను మరెక్కడా చూడలేదు.

ఇక ఆ కొండను ప్రపంచానికంతటికీ తెలియజేసిన ఉదంతం. క్రీ.శ. 66లో యూదులు రోమన్ల మీద తిరుగబడ్డారు. 70లో జెరూసలేం పడిపోయింది, వారి దేవాలయం తగులబడింది. కాని మసాదాలో ఎలియాజర్ బెన్ యాయిర్ అనేవాడి నాయకత్వాన ఒక తీవ్రవాద వర్గం కుటుంబాలతో సహా నిలిచే ఉన్నది. 73లోనో 74లోనో రోమన్ సేనాని ఫ్లావియస్ సిల్వా పదవ లీజియన్ సేనలతో వచ్చిపడ్డాడు. కొండచుట్టూ ఎనిమిది శిబిరాలు వేశాడు, సుమారు నాలుగు కిలోమీటర్ల పొడవున రాతిగోడ కట్టి ఎవరూ తప్పించుకోకుండా దిగ్బంధం చేశాడు. పైనుంచి చూస్తే ఆ శిబిరాల చతురస్రాలు ఈనాటికీ మడులు కట్టిన పొలాలలా స్పష్టంగా కనిపిస్తాయి. పడమటి వైపున సహజంగా ఉన్న రాతి దిబ్బమీద మట్టి, రాళ్ళు, కలప పోసి ఏటవాలు కట్ట కట్టి, దానిమీదుగా గోడలు కూల్చే యంత్రాన్ని ఎక్కించాడు.

ఆ కట్ట మీద నిలబడినప్పుడు ఒక తమాషా తట్టింది. ముట్టడి అంటే లోపలివారు దాహంతో మాడటం, బయటివారు హాయిగా కాచుకొని కూర్చోవడం. ఇక్కడ తలకిందులు. పైనున్నవారికి హేరోదు పుణ్యమా అని నీళ్ళు సమృద్ధి. కిందనున్న ఆరు నుంచి ఎనిమిదివేల సైనికులకు చుక్క నీరు లేదు. తాగునీరు కూడా దూరంనుంచి బందీలైన యూదుల చేత మోయించవలసి వచ్చిందని జోసీఫస్ స్పష్టంగా చెప్పాడు. ఈ ముట్టడి రెండు మూడేళ్ళు సాగిందని పర్యాటకులకు కథలుగా చెప్పేవారు. 2024లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ గోడలలోని రాతి పరిమాణం, పనివారి సంఖ్య లెక్కగట్టి, మొత్తం వ్యవహారం కొన్ని వారాలలోనే ముగిసి ఉంటుందని తేల్చారు. నీటి ఖాతా చూసినా నాకు అదే సబబనిపిస్తుంది. అంత సైన్యాన్ని ఆ ఎడారిలో ఏళ్ళతరబడి నిలిపి నీళ్ళు తాపడం ఏ సరఫరా విభాగానికీ సాధ్యం కాదు.

కోటగోడ కూలింది. లోపలివారు కలప, మట్టితో మరొక గోడ లేపారు. రోమన్లు దానికి నిప్పుపెట్టారు. మొదట గాలి రోమన్ల వైపే మంటను తోసి, ఉన్నట్టుండి దిశ మారింది. తెల్లవారితే లోపలికి వస్తారు. ఆ రాత్రి ఎలియాజర్ తనవారిని సమావేశపరచి ఉపన్యసించాడు. బానిసలుగా చిక్కడం కంటె మనమే మన ప్రాణాలు తీసుకొందాము అన్నది దాని సారాంశం. ప్రతి పురుషుడూ మొదట తన భార్యాబిడ్డలను తన చేతనే చంపాలి. తరువాత చీట్లు వేసి పదిమందిని ఎన్నుకోవాలి. వారు మిగిలినవారిని, చివరకు ఆ పదిమందిలో ఒకడు తక్కిన తొమ్మిదిమందిని చంపి తాను పొడుచుకోవాలి. అట్లాగే జరిగిందట. 960 మంది. నీళ్ళూ ధాన్యమూ మాత్రం తగులబెట్టకుండా వదిలారు, ఆకలికి తాళలేక చనిపోలేదని శత్రువు తెలుసుకోవడానికి.

అమ్మాయి ఈ ఘట్టం చెబుతుంటే శ్రీమతి మధ్యలో అందుకొన్నది.

"మన బొబ్బిలి కోటలోనూ ఇంతే కదండీ?"

నిజమే. 1757 జనవరిలో బుస్సీ ఫిరంగుల ముందు కోట నిలవదని తేలినప్పుడు బొబ్బిలివారు తమ ఆడవారిని, పిల్లలను తామే చంపుకొన్నారు. ఆ కథ వింటూ పెరిగినవాళ్ళం. బుర్రకథలో ఆ ఘట్టం వచ్చినప్పుడు మా ఊరివారంతా కన్నీళ్ళు పెట్టుకొని చప్పట్లు కొట్టేవారు. నేనూ కొట్టాను.

"అందులో మనవాళ్ళ ప్రస్తావన కూడా ఉంది నాన్నా" అన్నది అమ్మాయి. నేను నమ్మలేదు. తరువాత జోసీఫస్ గ్రంథం అనువాదం తెప్పించుకొని చూశాను, ఉన్నది. మొదటి ఉపన్యాసానికి కొందరి గుండె కరిగి వెనుకంజ వేశారు. భార్యలను తలచుకొని ఏడ్చారు. అప్పుడు ఎలియాజర్ రెండవసారి మాట్లాడుతూ భారతీయులను చూడండి అన్నాడట. వారు జ్ఞానులు, శరీరాన్ని బరువుగా భావించి, తమకు తామే చితినెక్కి ఆత్మను విడిపించుకొంటారు, వారికంటె మనం తీసిపోవడం సిగ్గుచేటు కాదా అన్నది ఆ మాటల భావం. అలెగ్జాండరు ఎదుట చితినెక్కిన భారతీయ సన్యాసి కథ గ్రీకులందరికీ తెలిసినదే. నాయకుల నోట ఉపన్యాసాలు తామే కూర్చి పెట్టడం ఆనాటి చరిత్రకారులకు పరిపాటి కూడా. అయినా, ఎన్నడూ మనదేశం చూడని ఒక మనిషి, బిడ్డను చంపడానికి చెయ్యి రాని తండ్రికి ధైర్యం చెప్పడానికి మన పేరు వాడుకొన్నాడంటే నాకేదో ఇబ్బందిగా తోచింది. సన్యాసి తన ప్రాణం తాను వదలడం వేరు. నిద్రపోతున్న పిల్లవాడి సంగతి వేరు.

ఈ కథ మనకు ఎట్లా తెలిసింది? అసలు విషయం ఇక్కడ ఉన్నది. 960 మందీ చనిపోతే చెప్పినదెవరు? తెల్లవారి రోమన్లు కేకలు వేస్తూ లోపలికి వస్తే ఎదురు వచ్చినవారు లేరు. మంటల చిటపటలు తప్ప చప్పుడు లేదు. అప్పుడు భూమి కిందనుంచి ఇద్దరు స్త్రీలు పైకి వచ్చారు. ఒకామె వృద్ధురాలు. రెండవ ఆమె ఎలియాజర్‌కే బంధువు, తెలివిలో, చదువులో చాలామంది స్త్రీలను మించినది అని జోసీఫస్ అంటాడు. వారి వెంట ఐదుగురు పిల్లలు. తక్కినవారు ఆ రాత్రి పనిలో నిమగ్నులై ఉండగా వీరు పిల్లలను తీసుకొని తాగునీరు తెచ్చే భూగర్భపు కాలువలలో దాక్కొన్నారట. ఏ కాలువ అన్నది ఆయన చెప్పలేదు. జరిగినదంతా ఆ చదువుకొన్న ఆమె రోమన్లకు పూసగుచ్చినట్టు చెప్పింది. వారు మొదట నమ్మలేదు. శవాలను చూశాక శత్రువుల తెగువకు ఆశ్చర్యపోయారు.

జోసీఫస్‌ను పూర్తిగా నమ్మవచ్చునా అంటే, అమ్మాయి తల అడ్డంగా ఊపింది. అతడు ఆ సమయంలో మసాదాలో లేడు. ఇంకొక చిక్కు ఏమిటంటే, 67లో యోద్‌ఫాత్ అనే ఊరు పడిపోయినప్పుడు యూదుల సేనాని అతడే. నలభైమందితో గుహలో దాక్కొని, ఇట్లాగే చీట్లు వేసి ఒకరినొకరు చంపుకొనే ఏర్పాటు చేసి, చివరికి మిగిలిన ఇద్దరిలో తానొకడై బయటికి వచ్చి రోమన్లకు లొంగిపోయాడు. కంప్యూటరు విద్యార్థులు లెక్కగా చేసే 'జోసీఫస్ సమస్య' ఇదే. తాను చేయలేని పనిని ఇతరులు చేశారని అంత ఘనంగా వ్రాసినవాడి మనసులో ఏమున్నదో! 1963-65 మధ్య యిగాయెల్ యాదీన్ నాయకత్వాన 28 దేశాల స్వచ్ఛంద కార్యకర్తలు ఇక్కడ తవ్వారు. పేర్లు వ్రాసిన 11 పెంకులు దొరికాయి, ఒకదానిమీద 'బెన్ యాయిర్' అని ఉన్నది. ఆ చీట్లు ఇవేనని యాదీన్ భావించాడు, కాదన్నవారూ ఉన్నారు. రాజప్రాసాదం అడుగు అంతస్తులో ముగ్గురివి, దక్షిణపు గుహలో 25 మందివి దాకా ఎముకలు దొరికాయి. 960 మంది జాడ మాత్రం లేదు. "గోడకి నల్లగీత ఉంది గాని ఈ కథకి లేదు నాన్నా" అన్నది అమ్మాయి.

వీరులని పొగిడేముందు ఇంకొక పుట కూడా చదవాలి. ఈ కొండమీది వర్గమే ముట్టడికి కొన్నేళ్ళ ముందు ఉత్తరాన ఉన్న ఎన్‌గెదీ అనే తోటివారి ఊరిమీద పండుగరోజున పడి, పారిపోలేని స్త్రీలను, పిల్లలను 700 మందికి పైగా చంపి, వారి పంట దోచి తెచ్చుకొన్నది. ఇదీ జోసీఫస్ మాటే. 20వ శతాబ్దంలో ఒక దేశం కట్టుకొనేవారికి మసాదా గొప్ప చిహ్నమైంది. 1927లో దానిమీద వెలువడిన దీర్ఘకావ్యం యువకులను ఉర్రూతలూగించింది. సాయుధదళంలో చేరిన సైనికులు పాముబాట ఎక్కివచ్చి ఇక్కడ ప్రమాణం చేసేవారు. 2001లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఆ చిహ్నంలో ఎన్‌గెదీ కనిపించదు, కాలువలోని ఇద్దరు స్త్రీలూ కనిపించరు.

కొండ దక్షిణ భాగంలో ఒక పెద్ద తొట్టిలోకి మెట్లున్నాయి. నేను చూడాలనుకొన్నది అదే. మోకాళ్ళు నొప్పిగా ఉన్నా శ్రీమతి కూడా గోడ పట్టుకొని దిగింది. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే లోపల చల్లగా, మసకగా ఉన్నది. గోడలపై గచ్చు పూత ఇంకా అంటుకొని ఉన్నది. నీరు నిలిచిన ఆనవాళ్ళు చేతితో తడిమి చూశాను. పూత గట్టితనం, మూలలు గుండ్రంగా మలచిన పద్ధతి, మెట్ల వాలు, ఇవన్నీ అమ్మాయికి వివరిస్తూ ఉన్నాను. నా గొంతు నాకే ప్రతిధ్వనిస్తున్నది. శ్రీమతి కింది మెట్టుమీద కూర్చొని పైనున్న వెలుతురు ముక్కను చూస్తున్నది.

"నేనైతే ఇక్కడికే వచ్చేదాన్ని" అన్నది.

ఏమన్నావని అడిగాను.

"ఆ రాత్రి. పిల్లను తీసుకొని ఇక్కడికే వచ్చేదాన్ని. మీకు చెప్పేదాన్ని కూడా కాదు."

అమ్మాయి చటుక్కున నా వైపు చూసింది. నాకు జవాబు దొరకలేదు. మా పెండ్లయి అప్పటికి 29 ఏళ్ళు. పెద్ద నిర్ణయం ఏది చేసినా ఇద్దరం కలిసే చేశామని నా నమ్మకం. కాని ఆ రాత్రి నేను ఎక్కడ ఉండేవాడిని? తొట్టిలో కాదు. పైన, ఆ మగవారి మధ్య, ఎలియాజర్ మాటలకు తల ఊపుతూ ఉండేవాడినేమో. బుర్రకథకు చప్పట్లు కొట్టినవాడినే కదా. ఆమె ఆ సంగతి ఎప్పుడో గ్రహించినట్టున్నది, కోపంగా కూడా అనలేదు.

కాసేపటికి ఆమే లేచి, "పదండి, పిల్లకి ఆకలి వేస్తుంది" అన్నది. ఆ పిల్లకు అప్పటికి 27 ఏళ్ళు.

పైకి వచ్చాక కుళాయి వద్ద సీసాలు నింపుకొన్నాము. అవునండీ, ఇప్పుడు కొండమీద తాగునీటి కుళాయిలు ఉన్నాయి. పైపులైను ఎటునుంచి వేశారో కనుక్కొందామనుకొని, శ్రీమతి ముఖం చూసి మానుకొన్నాను. చపాతీలు తింటూ ఉండగా అమ్మాయి ఇంకొక సంగతి చెప్పింది. యాదీన్ తవ్వకాలలో ఈ కోటలో ఖర్జూరపు గింజలు కొన్ని దొరికాయి. నలభై ఏళ్ళు అవి అట్లాగే భద్రంగా ఉన్నాయి. 2005లో వాటిలో మూడింటిని నానబెట్టి దక్షిణాన కెతురా అనే గ్రామంలో నాటితే ఒకటి మొలకెత్తింది. రెండువేల ఏళ్ళ గింజ! అది మగచెట్టు అయింది. కాయ కాయడానికి తోడు కావాలి. మేము తిరిగివచ్చిన తరువాత, 2020లో, ఆ ఎడారిలోనే మరొకచోట దొరికిన అంతే పాత గింజనుంచి పెరిగిన ఆడచెట్టు దీని పుప్పొడితో ఖర్జూరాలు కాసిందని అమ్మాయి ఫోనులో చెప్పింది. అంతదాకా వింటున్న శ్రీమతి ఫోను నా చేతినుంచి తీసుకొని, పళ్ళు తియ్యగా ఉన్నాయా అని అడిగింది. తినినవారు తియ్యగానే ఉన్నాయన్నారట.

దిగేటప్పుడు ముగ్గురం కేబుల్ కారే ఎక్కాము. చూడదలచినవారికి ఒక మాట. పడమటి వైపు నుంచి రోమన్ కట్ట మీదుగా ఎక్కడం పావుగంట పని, కాని తూర్పు పడమర ద్వారాలను కలిపే దగ్గర దారి లేదు, కారులో చుట్టుతిరిగి రావాలి. వేసవిలో పాముబాట జోలికి పోవద్దు. రెండు లీటర్ల నీళ్ళు అంటే రెండు లీటర్లే.

కారు మృత సముద్రం ఒడ్డున పోతూ ఉంటే వెనుక సీటులో శ్రీమతి చాలాసేపు మౌనంగా ఉన్నది. నిద్రపోయిందనుకొన్నాము.

"ఆ ఇద్దరి పేర్లేమిటే?" అని అడిగింది హఠాత్తుగా.

"రాయలేదమ్మా."

"ఎలియాజర్ పేరు రాశాడు, సేనాని పేరు రాశాడు, కథ చెప్పినావిడ పేరు రాయలేదా?"

"లేదు."

"పిల్లల పేర్లు?"

అమ్మాయి అద్దంలో వాళ్ళ అమ్మను చూసి లేదన్నట్టు తల ఊపింది. ఆరాద్ ఘాట్ ఎక్కడం మొదలైంది. సముద్రమట్టం బోర్డు దాటేటప్పుడు మళ్ళీ చెవులు గడియలు పడ్డాయి.